లోపల అవ్వ, బయట ప్రభుత్వం

మదనపల్లిలో మా వీధి చివరి టీ అంగడి దగ్గర నేను పొద్దున పూట కూర్చుంటానని తెలిసి, సచివాలయాల్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడూ వచ్చి కలుస్తుంటారు. వీఆర్వోలు, సర్వేయర్లు. టీ తాగుతూ ఒకటే ప్రశ్న వేస్తారు. "సార్, మీ సర్వీసులో మీరు ఖాళీ చేయించిన పెద్ద ఆక్రమణ ఏది?" ఏ నాయకుడి మామిడితోటలోకో జేసీబీ పెట్టించిన కథ చెబుతానని వాళ్ల ఆశ. అలాంటివి నా దగ్గర లేవు. నాయకుల తోటల దగ్గరికి జేసీబీ బయలుదేరిన రోజున మా ఆఫీసులో సగం మందికి జ్వరం వచ్చేది, మిగతా సగానికి చిత్తూరులో మీటింగు ఉండేది.

నేను ఖాళీ చేయించిన వాళ్లలో ఎప్పటికీ మరచిపోలేనిది ఒక అవ్వను. ఆమె ఖాళీ చేయనని మొండికేసిన మనిషి కాదు. ఖాళీ చేస్తాను మహాప్రభో, దారి ఇవ్వండని మొత్తుకున్న మనిషి. మేమే ఆమెను బయటికి రానివ్వలేదు. ఆ సంగతి చెప్తాను, వినండి. మీకు పరీక్షల్లో రాదు గానీ ఉద్యోగంలో వస్తుంది.

అప్పుడు నేను పుంగనూరు దగ్గర ఒక మండలంలో రెవెన్యూ ఇన్‌స్పెక్టరుని. రిటైర్‌మెంటుకు ఎంతో దూరం లేదు. ఈ ఉద్యోగం గురించి తెలియని వాళ్లకు ఒక్క మాటలో చెప్పాలంటే, పైనుంచి వచ్చే ఆర్డర్లను కిందికి, కింది నుంచి వచ్చే తిట్లను పైకి మోసే పని. తిట్లు పైకి చేరేసరికి విన్నపాలుగా మారతాయి. ఆర్డర్లు కిందికి చేరేసరికి ఏమవుతాయో ఈ కథలో చూస్తారు.

ఆ మండలంలో ఒక ఊరి బయట పెద్ద గుట్ట, దాని చుట్టూ బోద గడ్డీ, అక్కడక్కడా కానుగ చెట్లూ ఉన్న నేల ఉండేది. మా భాషలో దాన్ని మేత పోరంబోకు అంటారు. ఊరి పశువులు మేయడానికని ప్రభుత్వం వదిలిపెట్టిన భూమి. అమ్మకూడదు, దున్నకూడదు, ఇల్లు కట్టకూడదు. అందుకే అందరికీ దాని మీదే కన్ను. ఒక మూల టొమాటో నాటేవాళ్లు, మరో మూల రాళ్లు పాతి ప్లాట్లని చెప్పుకునేవాళ్లు. మేం వెళ్లి టొమాటో పీకించేవాళ్లం, రాళ్లు తీయించేవాళ్లం. మళ్లీ ఏడాది అదే కథ.

అలా ఉండగా పైనుంచి ఒక ఆర్డరు వచ్చింది. ప్రభుత్వ భూములన్నిటికీ కంచె వేసి, బోర్డు పెట్టి, ఫొటో తీసి ఫోనులోని యాప్‌కు పంపాలి. ఫొటో పంపితే ఆ భూమి తెరమీద ఆకుపచ్చగా మారుతుంది. పంపకపోతే ఎర్రగా ఉంటుంది. మా మండలమంతా పండు మిరపకాయ రంగులో ఉండేది. మా తహసీల్దారు మంచి మనిషి, బీపీ మనిషి. పొద్దున లేస్తూనే దేవుడి పటం చూసేవాడో లేదో గానీ ఆ రంగు మాత్రం చూసేవాడు. చూసి మాత్ర వేసుకునేవాడు.

కంచెకు ఎస్టిమేటు ఇంజనీరింగు వాళ్లు వేశారు. శాంతిపురం వైపు నుంచి లారీల్లో రాతి కూసాలు, అంటే పాతే రాతి స్తంభాలు, వాటికి కింది నుంచి పైదాకా దగ్గర దగ్గరగా ముళ్లతీగ. కాయితం అంతా తిరగేసి చూశాను. గేటు లేదు. మా ఇంజనీరును అడిగాను.

"గేటు పెడితే దానికి బీగం కావాల గదా సార్" అన్నాడు. "బీగం ఏస్తే తాళంచెవి ఎవురి దగ్గరో ఉండాల. ఎవురి దగ్గర ఉండాలనేది ఆర్డర్లో లేదు. రేపు ఏమన్నా అయితే నన్ను అడుగుతారు."

"మరి పశువులు యాడ నుంచి పోవాలప్పా?"

అతను నా వైపు జాలిగా చూశాడు. "సార్, ఈ కంచె పశువుల కోసం కాదు. భూమి కోసం."

ఆ మాట నాకు ఎంత సబబుగా వినిపించిందంటే, నేను తల ఊపి సంతకం చేసి పంపించేశాను. మేత భూమిని మేత నుంచి కాపాడబోతున్నామనే సంగతి మాలో ఎవరికీ తట్టలేదు. తట్టినా చెప్పడానికి ఎస్టిమేటులో చోటు లేదు.

ఎండలు మండుతున్న రోజుల్లో పని పూర్తయింది. చివరికి రోడ్డు పక్కన ఒక్క సందు మిగిలింది. మేస్త్రీది శాంతిపురమే. వాళ్ల ఊరి దగ్గరే ఇంకో కంచె పని ఒప్పుకున్నాడు, లారీ నిలబెట్టుకుని ఉన్నాడు, తొందరలో ఉన్నాడు. మధ్యాహ్నం అన్నాలకు ముందే ఆ సందు కూడా మూసేసి, తీగలు బిగించి, సామాను లారీలో వేసుకుని వెళ్లిపోయాడు. మా సర్వేయరు కుప్పం వైపు పిల్లాడు, చురుకైనవాడు. బోర్డు కనబడేలా ఫొటో తీసి అక్కడే రోడ్డు మీద నిలబడి యాప్‌కు పంపాడు. భూమి పచ్చబడింది.

తహసీల్దారు ఫోను చేసి నన్ను ఎప్పుడూ పిలవనంత ప్రేమగా పిలిచాడు. "ఏమప్పా, సాధించినావు!" కాసేపటికి మళ్లీ ఫోను. ఈసారి గొంతులో ప్రేమ లేదు.

"ఆ ఫొటోలో గుట్ట పక్కన తెల్లగా ఏందది?"

నేనూ ఫోనులో పెద్దది చేసి చూశాను. "రాయి సార్."

"రాయికి తోక యాల ఉండాది?"

 సర్వేయర్ని బండి ఎక్కించుకుని ఆ ఎండలోనే పరుగెత్తాను. కంచె పట్టుకుని గుట్ట అవతలి వైపుకు నడిస్తే అప్పుడు కనబడింది. కానుగ చెట్టు నీడలో గొంగడి పరుచుకుని ఒక అవ్వ కూర్చుని ఉంది. చుట్టూ ఆమె ఆవులు. సంగటి తిని కాసేపు కునుకు తీసిందట. లేచేసరికి ప్రభుత్వం చుట్టూ కంచె కట్టేసి వెళ్లిపోయింది.

"అప్పా, వాకిలి యాడ పెట్టినారు?" అని అడిగింది. ముందు ఆమెకు కోపం లేదు. కొత్త ఇంట్లో స్నానాల గది ఎక్కడ అని అడిగినట్టు అడిగింది.

"వాకిలి లేదవ్వా" అన్నాడు సర్వేయరు.

"వాకిలి లేని కొంప యాడన్నా ఉంటాదా? సరిగ్గా సూడు."

 నేను, "అవ్వా, నువ్వు ఈ తీగల మధ్యలో దూరి వచ్చెయ్, మేం ఎత్తి పట్టుకుంటాం" అన్నాను.

"నేను వస్తాలే. ఇవి యాడ దూరతాయి?" అని ఆవుల వైపు చూపించింది. "వాటిని ఇడిసిపెట్టి నేను యాడికి పోయేది?"

ఆవుల్లో ఒకటి మిగతా వాటి నడుము దాకా కూడా లేదు. తెల్లగా, పొట్టిగా, చిన్న మూపురంతో ఉంది. ఫొటోలోని రాయి అదే. అసలైన పుంగనూరు జాతి. ఒకప్పుడు ఆ ఊళ్లో ఇంటింటికీ ఉండేవట, ఇప్పుడు ఆ ఊరికంతా అదొక్కటే మిగిలింది. నిండు చూలుతో ఉంది, పొట్ట నేలకు తగిలేట్టుంది. పోయిన ఈతలో దూడ అడ్డం తిరిగి చచ్చిపోయిందట. ఈసారి నొప్పులు మొదలవుతూనే పశువుల ఆస్పత్రికి తోలుకు రమ్మని డాక్టరు గట్టిగా చెప్పాడట. "రేపో మాపో ఈనుతాది నాయినా. ఈ తూరి దక్కకపోతే ఆవు గూడా దక్కదంట" అంది అవ్వ.  లోపల చుక్క నీరు లేదు. పశువులు తాగే కుంట కంచెకు ఇవతల ఉంది.

సర్వేయరు నా చెవిలో అన్నాడు. "సార్, ఒక కట్టరు తెచ్చి నాలుగు తీగలు కోసేస్తే అయిపోతాది."

చిన్నపిల్లాడు, సర్వీసు తెలియదు. నేను తహసీల్దారుకు ఫోను చేశాను.

"ఎవురూ తీగ ముట్టుకోవద్దు!" అని కేక వేశాడాయన. "రేపు మదనపల్లి నుంచి సబ్ కలెక్టరు మేడం వస్తాంది, మన కంచె చూడను. డివిజన్లో మొట్టమొదటి పచ్చ మనదే. తీగ తెగితే ఎర్రగా అయిపోతాది, నేను ఆమెకు ఏమని చెప్పేది?" కాసేపాగి, "పైగా బోర్డు చదువు" అన్నాడు.

చదివాను. ఇది ప్రభుత్వ భూమి, కంచెను ధ్వంసం చేసినవారిపై క్రిమినల్ కేసు పెట్టబడును అని ఉంది. నేనే రాయించిన బోర్డు. కోసేవాడు రెవెన్యూ ఇన్‌స్పెక్టరు అయితే కేసు పెట్టబడదు అని ఎక్కడా లేదు. ఇంజనీరుకు ఫోను చేశాను. కంచె తన చేతిలో లేదని, పొద్దున్నే కాయితం మీద పంచాయతీకి అప్పగించేశానని చెప్పి చేతులు దులుపుకున్నాడు. పంచాయతీ సెక్రటరీకి చేశాను. అప్పగించినట్టు తనకు ఇంకా కాయితం అందలేదని, అందినా తీగ కోయాలంటే తీర్మానం కావాలని, తీర్మానానికి సభ పెట్టాలని అన్నాడు. ప్రభుత్వానికి చెందిన భూమిలో ప్రభుత్వం వేసిన కంచెను కోసే అధికారం ప్రభుత్వంలో ఎవరికి ఉందో కనుక్కోవడానికి పొద్దు గూకింది. ఎవరికీ లేదని తేలింది.

ఈలోగా ఊరంతా కంచె దగ్గర చేరింది. బిందెలతో నీళ్లు తెచ్చి తీగల మీదుగా అందించారు. అవ్వ కోడలు సంగటి ముద్దలూ ఊరిబిండీ తెచ్చి, అత్తకు అందిస్తూ మమ్మల్ని చూసిన చూపు నేను ఇంకా మరిచిపోలేదు. ఒకాయన ముందుకు వచ్చి, "పొట్టావే గదా సార్, నలుగురం పట్టుకుంటే ఇవతలికి దించెయ్యచ్చు" అన్నాడు.

అవ్వ లోపలి నుంచే అందుకుంది. "నీ పెండ్లాం కడుపుతో ఉండేటప్పుడు అట్లనే ఎత్తి గోడ దాటించినావా?"

అతను వెనక్కి జరిగి గుంపులో కలిసిపోయాడు. అవ్వ ఆ పూట ఆవుల మధ్యే పడుకుంది.

మర్నాడు పొద్దున ఆఫీసులో తహసీల్దారు తల పట్టుకుని కూర్చున్నాడు. మేడం వచ్చేది మధ్యాహ్నానికి. మేము కోస్తే కేసు, కోయకపోతే ఆవు. అప్పుడు మా సీనియర్ క్లర్కు గొంతు సవరించుకున్నాడు. ఆయనకు రూళ్లు కొందరికి సినిమా పాటలు వచ్చినట్టు వచ్చేవి. మామూలుగా ఎవరూ అడగరు కాబట్టి పాడేవాడు కాదు.

"కంచె కోసేదానికి మనకు రూలు లేదు సార్" అన్నాడు. "అయితే ఆక్రమణ తొలగించేదానికి ఉండాది. తొలగించేటప్పుడు ఏది అడ్డమొస్తే అది తీసెయ్యచ్చు."

"ఆక్రమణ యాడుంది?"

"నిన్నట్నుంచి ప్రభుత్వ భూమిలో కాపరం ఉండాది గదా సార్, ఆ యమ్మ. గొడ్లతో సహా."

 తహసీల్దారు ముఖం మెల్లగా వెలిగింది. బీపీ మాత్రకు ఎత్తిన చెయ్యి దించేశాడు. నాకైతే ఆ క్లర్కు కాళ్లకు దండం పెట్టాలనిపించింది. అరగంటలో నోటీసు టైపయింది. ఫలానా మేత పోరంబోకును మీరు అక్రమంగా ఆక్రమించి ఉన్నారు, ఎందుకు ఖాళీ చేయించకూడదో కారణం చూపండి. తహసీల్దారు, క్లర్కు, సర్వేయరు, నేను జీపు ఎక్కాం. ఇన్నేళ్ల సర్వీసులో ఆక్రమణ తొలగించడానికి అంత ఉత్సాహంగా వెళ్లింది అదొక్కసారే.

కంచె దగ్గరికి వెళ్లేసరికి అవ్వ ఆవు పక్కనే కూర్చుని దాని వీపు నిమురుతోంది. ఆవు లేస్తోంది, పడుకుంటోంది, మళ్లీ లేస్తోంది. నొప్పులు మొదలయ్యాయి. నేను పశువుల ఆస్పత్రికి ఫోను చేసి మనిషిని పంపమన్నాను. ఈలోపు క్లర్కు తీగల మధ్య నుంచి నోటీసు అందించాడు.

"ఏందిది?"

"నోటీసు అవ్వా. నువ్వు ప్రభుత్వ భూమిని ఆక్రమించుకుని ఉండావు. ఖాళీ చెయ్యాల."

"నిన్నట్నుంచి నేను అరస్తాండేది అదే గదా! తియ్యండి, పోతాను."

క్లర్కు కలం ఆగిపోయింది. తహసీల్దారు వైపు తిరిగి మెల్లగా చెప్పాడు. "సార్, ఆమె తానే పోతానంటాంది. ఇష్టపూర్తిగా ఖాళీ చేసేవాళ్లను తొలగించను కుదరదు. తొలగింపు లేకపోతే తీగ కోసేది కుదరదు."

"అయితే?"

"ఆమె ఈ భూమి నాది అనాల సార్. కొంచెం ఎదురు తిరగాల."

అప్పుడు చూడాలి మా అవస్థ. ప్రభుత్వ భూమిని చూపించి నాది నాది అని వచ్చే జనాన్ని కాదు కాదు అని తరమడమే జన్మంతా మా పని. అలాంటిది ఒక మండల తహసీల్దారు ముళ్లతీగ పట్టుకుని వంగి, ప్రభుత్వ భూమి నీదని చెప్పమ్మా అని ఒక పేదరాలిని బతిమాలుతున్నాడు.

"అవ్వా, ఈ భూమి నాది అని ఒక్క మాట చెప్పు. సాలు."

"నాది యాల అవుతాది సామీ? ఇది సర్కారుది."

"సర్కారుదే. ఊరికే నీదని చెప్పు."

"లేనిది ఉండాదని నేను చెప్పను. రేపు ఆ మాట పట్టుకోని ఊళ్లో వాళ్లు నన్ను తిట్టరా? అందరి గొడ్లూ మేసే జాగా ఇది."

"అందుకే గదవ్వా, కొంచెం నీదని..."

"నాది కాదు!" అంది అవ్వ. ఆ తర్వాత ఆవు వీపు మీద చెయ్యి వేసి, "కావాలంటే దీనిది అని రాసుకో. ఇది మేసే జాగా, దీనిదే. మీరెవురు దీనికి కంచె కట్టేదానికి?" అంది.

క్లర్కు కళ్లు మెరిశాయి. గబగబా రాశాడు. ఆక్రమణదారు సదరు భూమి తన పశువుకు చెందినదని వాదించినది. ఎవరిదని అన్నా వాదన వాదనే. ఇక మిగిలింది ఎదురు తిరగడం.

"అవ్వా, కొంచెం పోనని చెప్పవా?" అన్నాడు తహసీల్దారు దీనంగా.

ఆ క్షణంలోనే ఆవు ఒక్కసారి గట్టిగా అరిచి పక్కకు పడిపోయింది. అవ్వ లేచి నిలబడింది. ఆమె ముఖంలో అంతవరకూ ఉన్న ఓపిక అంతా పోయింది.

"నా ఆవు సస్తాంటే మీరు ఈడ నాటకాలు ఆడతాండారా! మీ నోటీసుకు మంట పెట్టా! మీ కంచెకు మంట పెట్టా! మీ ఆఫీసుల మీద పిడుగు పడా! మీకు కడుపున పుట్టిన బిడ్డలు లేరా? గడ్డి తినే దాన్ని గడ్డిలో పెట్టి మూసినారు గదరా, నీళ్లు లేకుండా! దీనికేమన్నా అయితే మీ వాకిట్లో పండుకుంటా, ఒక్కడిని గూడా కదలనియ్యను!"

చేతిలోని కట్టెను మా మీదికి విసిరింది. అది తీగకు తగిలి ఆగిపోయింది. ఊరు ఊరంతా చూస్తూ ఉంది. నాకు ఒంటి మీద చెమటలు పట్టాయి. సిగ్గుతో పట్టాయి, ఎండతో కాదు. 

క్లర్కు ఒక్కడే తలెత్తకుండా రాస్తున్నాడు. "తీవ్రముగా ప్రతిఘటించినది" అని చదివి వినిపించి, కాయితం జీపు బానెట్ మీద పెట్టాడు. తహసీల్దారు సంతకం పెట్టాడు. ఇక కోయొచ్చు. అప్పుడు తెలిసింది, మా దగ్గర కట్టరు లేదు. మేస్త్రీతో పాటు అది శాంతిపురం వెళ్లిపోయింది. నోటీసుకు మూడు కాపీలు తీయించిన వాళ్లం, తీగ కోసేదానికి ఏమీ తెచ్చుకోలేదు.

సరిగ్గా అప్పుడే మదనపల్లి నుంచి మేడం కారు వచ్చి ఆగింది. చెప్పిన టైము కంటే ముందే. ఆమె చిన్న వయసు ఆఫీసరు. కారు దిగి, తీగలు పట్టుకుని నిలబడ్డ మమ్మల్నీ, లోపల కేకలు వేస్తున్న అవ్వనీ చూసింది.

"ఏం జరుగుతోందిక్కడ?"

తహసీల్దారు నిటారుగా నిలబడ్డాడు. "ఆక్రమణ తొలగింపు మేడం."

"వెరీ గుడ్" అంది ఆమె. "ఎందుకు ఆగారు?"

"కట్టరు లేదు మేడం."

ఆమె డ్రైవరు వైపు చూసింది. డ్రైవరు డిక్కీ తెరిచి పెద్ద కటింగ్ ప్లేయరు తెచ్చాడు. సర్వేయరు దాన్ని చేతిలోంచి లాక్కున్నంత పని చేసి, తీగలు ఒక్కొక్కటీ తెంపాడు.  ఆస్పత్రి మనిషి అప్పటికే బండి దిగి పరుగెత్తుకొస్తున్నాడు. వచ్చినవాడు వచ్చినట్టే లోపలికి దూరాడు, చొక్కా ముల్లుకు పట్టి చిరిగినా ఆగలేదు. దూడ ఈసారి కూడా అడ్డంగానే ఉంది. చెయ్యి పెట్టి తిప్పుతున్నంతసేపూ అవ్వ ఆవు తల ఒళ్లో పెట్టుకుని ఏదో గొణుగుతూ ఉంది. మేడం కూడా కళ్లద్దాలు తీసేసి నిలబడిపోయింది. చివరికి ఒక తెల్లటి దూడ, కుక్కపిల్ల కంటే కొంచెం పెద్దది, గడ్డిలోకి జారింది. ఆవు తల తిప్పి దాన్ని నాకింది. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఎండకు కళ్లు మండుతున్నాయని సర్వేయరుతో అబద్ధం చెప్పాను.

కాసేపటికి అందరూ తేరుకున్నాక మేడం అవ్వ దగ్గరికి వెళ్లి మెత్తగా అడిగింది. "ఇక్కడి నుంచి ఖాళీ చేయిస్తున్నాం కదమ్మా, మీకు ఉండడానికి ఇల్లు ఉందా?"

అవ్వ ఆమెను ఎగాదిగా చూసింది. "ఉండాదమ్మా. నిన్నట్నుంచి ఆడికి పోవల్లనే సూస్తాండాను."

తహసీల్దారు ఉన్నపళంగా మేడంకు బోర్డు చూపించడానికి తీసుకుపోయాడు. ఆవులు ఒక్కొక్కటే ఆ సందులోంచి బయటికి నడిచి కుంట వైపు పరుగు తీశాయి. క్లర్కు నా పక్కన నిలబడి ఆందోళనగా అన్నాడు. "సార్, ఆర్డర్లో రాసిన పశువుల్లో దూడ లేదు. దాన్ని తొలగించను మనకు అధికారం లేదు. పైగా ప్రభుత్వ భూమిలో పుట్టింది."

"అయితే నువ్వు ఈడే ఉండి దానికి పాలు పట్టు" అన్నాను. ఆయన ఆలోచించి, కాయితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. అవ్వ దూడను గొంగట్లో చుట్టుకుని మా ముందు నుంచే ఎత్తుకుపోయింది. నోటీసు కాయితంతోనే దాని మూతి తుడిచింది.

తర్వాత ఏమైందని అడుగుతారు పిల్లలు. ఏమీ కాలేదు. తెగిన సందు మూయాలంటే ఎస్టిమేటు వేయాలి. ఎస్టిమేటు వేయాలంటే కంచె తెగిందని రాయాలి. అలా రాస్తే భూమి మళ్లీ ఎర్రబడుతుంది. అందుకని ఎవరూ రాయలేదు. తొలగింపు రిపోర్టులో 'అడ్డంకులు తొలగించి' అని మాత్రమే ఉంది. భూమి తెరమీద ఇప్పటికీ పచ్చగానే ఉంది. నేల మీద కూడా, వాన పడినప్పుడు, పచ్చగానే ఉంటుంది. ఊరి పశువులన్నీ ఆ సందులోంచే పోయి మేసి వస్తాయి. ఇటీవల బి.కొత్తకోటలో పెళ్లికి పోయి తిరిగి వస్తూ, బండి తిప్పుకుని ఆ ఊరికి వెళ్లి చూశాను. అవ్వ ఉంది. "ఏయ్ నోటీసూ, ఇట్ల రాయే!" అని పిలిస్తే పొట్టి ఆవొకటి గుట్ట మీంచి దిగివచ్చింది. అదిప్పుడు చూలుతో ఉంది.

సర్వేయరు తర్వాత బదిలీ మీద సొంత వైపుకు, కుప్పం దగ్గరికి వెళ్లిపోయాడు. మొన్న నేను టీ అంగడిలో ఉండగా ఫోను చేశాడు. అక్కడా ఒక మేత భూమికి కంచె వేశారట. అక్కడా ఎస్టిమేటులో గేటు లేదట.

"మూసేముందు లోపలికి పోయి గుట్టంతా తిరిగినా సార్. ఎవురన్నా ఉండారా అని అరిచినా."

"ఎవరన్నా పలికారా?"

"ఎవురూ లేరు. అయినా నాకు మనసు ఒప్పుకోలేదు. రోడ్డు పక్క తీగలు తీయించి దారి ఇడిసిపెట్టినా."

"ఆర్డరు లేకుండానా?" నాకు ఈ వయసులో కూడా భయం వేసింది. "ఏమని రాసినావురా?"

"ఆక్రమణ తొలగింపు అని సార్."

"ఎవరూ లేరన్నావు గదా, ఎవరిని తొలగించినావు?"

"కంచెనే సార్. పశువులు పోయే దారిని ఆక్రమించింది గదా. నోటీసు గూడా ఇచ్చినా, కూసానికి అంటించి."

టీ అంగడిలో అందరూ తిరిగి చూసేంత గట్టిగా నవ్వాను. చాలాసేపు నవ్వాను. తర్వాత కళ్లు తుడుచుకుని అడిగాను.

"కంచె ఏమన్నా ఎదురు తిరిగిందా?"

"చెయ్యి గీసుకుపోయింది సార్, రక్తం వచ్చింది."

"మర్చిపోకుండా రాసుకో" అన్నాను. "తీవ్రంగా ప్రతిఘటించింది అని రాయి."